ఎలీసబెతు చెప్పిన వందనాలు

పార్లమెంటు కమిటీవాళ్ళు శాలువా కప్పి పంపిన రోజున ఎలీసబెతు అన్నం ముట్టలేదు. చిలకలగూడలో ఆ వీధివాళ్ళు మాత్రం తెగ సంబరపడ్డారు. ఢిల్లీ పెద్దలు మన ఎలీసబెతక్కను పిలిపించి, మాట్లాడించి, సన్మానం చేసి పంపారని ఇంటింటికీ చెప్పుకున్నారు. ఆవిడ ఆ శాలువాను వాకిట్లో కుర్చీ మీద పడేసి, నేరుగా కొళాయి దగ్గరకు పోయి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని కడుక్కుంది. రోత చేతులకు అంటుకున్నది కాదు గనక ఎంత కడిగినా పోలేదు.

ఎలీసబెతు ఎవరో ముందు చెప్పాలి. వాళ్ళ నాన్న జ్ఞానశేఖర్ ఒంగోలు వైపు నుంచి రైల్వేలో ఫిట్టరుగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆవిడ పుట్టడం, చదవడం, పెళ్ళాడటం అన్నీ సికింద్రాబాద్ స్టేషన్లో బండి కూత వినబడేంత దూరంలోనే జరిగాయి. మిషన్ బడిలో ఆఫీసు గుమాస్తా. ఫీజు కట్టనివాళ్ళు, టీసీ కావాలనేవాళ్ళు, పిల్లవాణ్ణి టీచరు కొట్టిందని పోట్లాటకు వచ్చేవాళ్ళు అందరూ ఆవిడ కిటికీ ముందు నిలబడవలసిందే. మాటంటే పడదు, తేరగా వచ్చే టీ కూడా తాగదు. బడిలో హెడ్‌మాస్టరుకు ఎవరూ భయపడరు గాని ఎలీసబెతుకి భయపడతారు.

తల్లి పోయేనాటికి తమ్ముడు హెన్రీ ఇంకా పలక పట్టుకుని తిరిగే పిల్లవాడు. వాణ్ణి అక్కే పెంచింది. తన పెళ్ళప్పుడు, "వీడు కూడా నాతోనే వస్తడు, ఇష్టమైతేనే చేస్కో" అని శాంతికుమార్‌కు ముందే చెప్పేసింది. శాంతికుమార్ రైల్వే పార్సెల్ ఆఫీసులో పనిచేసే నెమ్మదైన మనిషి, సరేనన్నాడు. హెన్రీ పెద్దవాడై కొన్నాళ్ళు స్కూలు బస్సు నడిపాడు. తర్వాత గల్ఫ్‌లో ఒక కంపెనీకి నీళ్ళ ట్యాంకరు తోలడానికి పోయాడు.

ఆ ట్యాంకరే కొంప ముంచింది. సైటు గేటు దగ్గర ఎదురు దారిలో దూసుకొచ్చిన కారు ఒకటి దాన్ని గుద్దుకుంది. కారులో ఉన్న ఆ దేశపు మనిషి చనిపోయాడు. కంపెనీ చేతులు దులుపుకుంది, హెన్రీ జైలుకు పోయాడు. పోలీసులు అరబ్బీలో రాసిన కాగితం ముందుపెట్టి సంతకం చేయమంటున్నారు. తప్పంతా నాదేనని ఒప్పుకున్నట్టు అందులో రాసి ఉందని పక్కనున్న ఖైదీ ఎవరో చదివి చెప్పాడు. హెన్రీ చేయనని మొండికేశాడు. వాడికి కావలసింది ఒక వకీలు, వాడి మాటను అరబ్బీలో చెప్పే మనిషి ఒకడు. ఇలాంటి ఆపదలకే మన ఎంబసీలో ఒక నిధి ఉంది. అక్కడ చాకిరీ చేసే మనవాళ్ళు కట్టే రుసుములే అందులో చేరతాయి. అయినా నెలల తరబడి ఎంబసీ నుంచి జైలుకు పురుగు కూడా పోలేదు.

హెన్రీ వారానికోసారి జైలు నుంచి ఫోను చేసేవాడు. వాళ్ళిచ్చే టైము గట్టిగా నాలుగు మాటలకు కూడా సరిపోదు. "అక్కా, మన ఎంబసీ మనిషి ఒక్కడొచ్చి, కాగితం చదివి చెప్తే చాలు. గప్పటిదాంక నన్ను కోసినా సంతకం పెట్ట" అనేవాడు. కోర్టు వాయిదా వేసవిలోనే ఉంది. ఆలోగా ఎవరో ఒకరు వాడి దగ్గరకు పోవాలి, ఎలీసబెతుకి ఇంక వేరే ధ్యాస లేదు.

గల్ఫ్‌కు పోయినవాళ్ళ గోడు వినడానికి నగరంలో ఒక ఆఫీసు ఉంది. అక్కడి అధికారి ఉదయ్ భాస్కర్. సెలవు దొరికినప్పుడల్లా ఆవిడ వెళ్ళి ఆయన ముందు కూర్చునేది. "ఢిల్లీకి రాసినం మేడమ్, చూస్తున్నరు" అన్నది ఆయన పాట. ఎవరు చూస్తున్నారో, దేన్ని చూస్తున్నారో ఆయనకూ తెలియదు. చెవిటివాడి ముందు శంఖమని తెలిసినా ఆవిడ ఊదడం మానలేదు. అలాంటి ఉదయ్ భాస్కరే సంక్రాంతి సెలవులయ్యాక తనంతట తాను ఫోను చేశాడు.

"మేడమ్, పార్లమెంటు కమిటీ హైదరాబాద్ వస్తున్నది. విదేశాంగం పద్దులు, పాలసీలు మొత్తం వాళ్ళ చేతిలనే ఉంటయి. గల్ఫ్ ఫ్యామిలీ ఒకటి వచ్చి వాళ్ళ ముందు మాట్లాడాలె. మీరైతే భయపడకుంట మాట్లాడ్తరు."

ప్రభుత్వం బయటి దేశాల్లో పెట్టే ప్రతి ఖర్చునూ, అక్కడ చేసే ప్రతి పనినీ ఎందుకని నిలదీసే హక్కు ఆ కమిటీకి ఉంది. పద్దు పార్లమెంటుకు వచ్చేలోపే వాళ్ళు అధికారులను పిలిచి కూర్చోబెట్టి అడగవచ్చు. ఎంబసీ జైలుకు ఎందుకు పోలేదని ఆ కమిటీ ఒక్కసారి అడిగితే చాలు, మర్నాటికల్లా ఎంబసీ బండి జైలు గేటు ముందుంటుందని ఎలీసబెతు నమ్మింది. నమ్మడంలో తప్పు లేదు. రాజ్యాంగం చదివినవాళ్ళు కూడా అదే నమ్ముతారు.

"సూటిగ చెప్పు. ముందుగాల హెన్రీ పేరెత్తు" అన్నాడు శాంతికుమార్, ఆవిడ చీర ఇస్త్రీ చేసుకుంటుంటే.

"నలుగుర్ల ఎట్ల మాట్లాడాల్నో నాకు నేర్పిస్తున్నవా?" అంది ఎలీసబెతు.

నిజానికి నలుగురిలో మాట్లాడటం ఆవిడకు ఒక్క చోటే అలవాటు, చర్చిలో. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి, అంటే తమ బతుకులో జరిగింది చెప్పుకోవడానికి, లేచినవాళ్ళకు అక్కడ ఒక వరస ఉంది. ముందు దేవునికి స్తోత్రం, తర్వాత పాస్టరు అయ్యగారికి వందనాలు, ఆ తర్వాత పెద్దలకు. అక్కడితో అయిపోదు. ఆసుపత్రిలో సెలైన్ సీసా పట్టుకు నిలబడ్డ పక్కింటామెను, కిరాయి వద్దన్న ఆటో అబ్బాయిని పేరుపేరునా తలచుకోవాలి. అప్పుడు గాని తన కష్టం విప్పకూడదు. లేస్తూనే కష్టం ఎత్తుకున్నవాళ్ళను 'సణుగుతున్నారు' అంటారు. బైబిల్లో దేవుని మీద సణిగిన ఇశ్రాయేలీయులు అరణ్యంలోనే రాలిపోయారని ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పేది ఎలీసబెతే. వందనాలు ఎంత పొడుగైనా అక్కడ ఎవరూ అడ్డు తగలరు. అసలు సంగతి వెనక వస్తుందని ముసలీ ముతకా అందరికీ తెలుసు, ఓపిగ్గా కూర్చుంటారు.

సమావేశం ఊళ్ళోనే ఒక పెద్ద హోటల్లో పెట్టారు. ఎలీసబెతును గోడవారగా కుర్చీలో కూర్చోబెట్టారు. బల్ల చుట్టూ సభ్యులు, వాళ్ళ వెనక వాళ్ళ మనుషులు, మనిషి మనిషికీ ముందర జీడిపప్పు, బాదంపప్పు, ఖర్జూరాలు. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్ద అధికారి ఒకాయన తెర మీద బొమ్మలు చూపిస్తూ ప్రపంచంలో మన ప్రతిష్ఠ ఎంత పెరిగిందో చెబుతున్నాడు. సభ్యుల్లో ఒకాయన పెన్ను మూతను చెవిలో పెట్టి తిప్పుకుని, తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. చూసి మళ్ళీ అదే చెవిలో పెట్టాడు. ఎలీసబెతు తల తిప్పేసుకుంది.

బొమ్మలయ్యాక ప్రశ్నలు మొదలయ్యాయి. హిందీ సగం, ఇంగ్లీషు సగం. బడి ఆఫీసులో ఇన్నేళ్ళు పనిచేసినందుకు రెండూ ఆవిడకు తెలిసేవే. మొదటి సభ్యుడు పోయినేడు యూరపు పర్యటనలో ఎంబసీవాళ్ళు తనకు చిన్న కారు పంపారని ఎత్తుకున్నాడు. ఇది తనకు కాదట, దేశానికే అవమానమట. పెద్ద అధికారి లేచి నిలబడి క్షమాపణ చెప్పి, ఇకముందు పెద్ద కార్లే పంపిస్తామని అక్కడికక్కడే మాటిచ్చాడు. ఇంకొకాయన, ఎంపీలు వెళ్ళినప్పుడు దిగడానికి ఫలానా నగరంలో గెస్ట్ హౌస్ ఎందుకు కట్టలేదని అడిగాడు. అది కూడా పరిశీలనలో ఉందన్నారు. మధ్యలో ఒక పీఏ వంగి, చీరలు కొనడానికి జనరల్ బజార్‌కు పోయిన అమ్మగార్ల బండి భోజనాల వేళకు తిరిగొస్తుందని తన సారు చెవిలో చెప్పాడు. గుసగుసే గాని గోడ దాకా వినబడింది.

కల్పలత అనే సభ్యురాలు ఒక్కతే పని ఉన్న మాట అడిగింది. "కష్టంలో ఉన్న కార్మికుల కోసం పెట్టిన నిధి ఏటేటా ఎందుకు మిగిలిపోతోంది? మన ఎంబసీల వాళ్ళు జైళ్ళకు ఎన్నిసార్లు వెళ్ళారు?" అంది. ఎలీసబెతు కుర్చీ అంచుకు జరిగింది. పెద్ద అధికారి ఈసారి లేవనైనా లేవలేదు. లిఖితపూర్వకంగా సమర్పిస్తామన్నాడు. చైర్మన్ 'నెక్స్ట్' అన్నాడు. చిన్న కారుకు జవాబు నోట్లోనే ఉంది గాని, జైల్లో మగ్గేవాళ్ళ సంగతికి కాగితం కావాలట.

అప్పుడు ఎలీసబెతును పిలిచారు. ఆవిడ తెలుగులో మాట్లాడాలి, ఉదయ్ భాస్కర్ ఇంగ్లీషులో చెప్పాలి. చేతిలోకి మైకు వచ్చింది. అలవాటైన వరస దానంతటదే నోటికొచ్చింది.

"పార్లమెంటు పెద్దలందరికీ వందనాలు. ఇంత దూరం వచ్చి మా వంటివాళ్ళను జ్ఞాపకం చేసుకున్నందుకు వందనాలు. నా తమ్ముడు జైలులో పడిన దినాన, ఎంబసీకి ఫోను చేస్తే, పేరు తెలియదు, ఒక బాబు మర్యాదగా మాట్లాడి వివరాలు రాసుకున్నాడు. ఆ బాబుకు వందనాలు. ఇక్కడి ఆఫీసులో ఉదయ్ భాస్కర్ గారు నేను వెళ్ళినప్పుడల్లా కుర్చీ వేసి నీళ్ళిచ్చారు. వారికి వందనాలు."

ఎంబసీ తక్షణమే స్పందించిందని, స్థానిక కార్యాలయం అడుగడుగునా తోడు నిలిచిందని ఉదయ్ భాస్కర్ ఇంగ్లీషులో చెప్పాడు. కుర్చీ, నీళ్ళు అంత సేవ అయిపోవడం ఎలీసబెతు విన్నది. వినీ ఊరుకుంది. అసలు సంగతి వెనక వస్తుంది కదా, అప్పుడు అంతా సర్దుకుంటుందనుకుంది.

"అయితే అయ్యలారా, నా తమ్ముడు హెన్రీ..." అనేసరికి చైర్మన్ చప్పట్లు మొదలుపెట్టేశాడు. మిగిలినవాళ్ళు అందుకున్నారు. ఇలాంటి మాట వినడానికే మేం ఊరూరా తిరుగుతున్నామని ఆయన హిందీలో అన్నాడు. ఎవరో మైకు తీసుకున్నారు, ఎవరో శాలువా కప్పారు, ఎవరో ఫొటో తీశారు. చెవిలో పెన్ను మూత తిప్పుకున్నాయన ఆ చేత్తోనే ఆవిడ చేయి పట్టుకుని ఊపాడు.

"నేను ఇంకా చెప్పనే లేదు" అంది ఎలీసబెతు, ఉదయ్ భాస్కర్‌తో.

"మీ స్లాట్ అయిపోయింది మేడమ్. లంచ్‌ల కలిసి చెప్పుకోండి."

భోజనాల హాల్లో ఆవిడ చైర్మన్‌ను పట్టుకుంది. ఆయన ప్లేటులో బిర్యానీ కొండలా ఉంది. ఒక నల్లి ఎముకను నోట్లో పెట్టుకుని మూలుగ లాగుతున్నాడు. ఆవిడ హిందీలో హెన్రీ సంగతి మొదలుపెట్టింది. ఆయన ఎముక తీసి, మీసాల మీద జిడ్డు తుడుచుకోకుండానే నవ్వాడు. "ఎంబసీ బాగా చూసుకుంటోందని మీరే చెప్పారు కదమ్మా, చాలా బాగా మాట్లాడారు" అని మళ్ళీ ఎముక పెట్టుకున్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని పెద్దలు ఊరికే అనలేదు. ఎలీసబెతు ప్లేటు ఎక్కడిదక్కడ పెట్టేసి బయటికి నడిచింది.

మెట్ల దగ్గర కల్పలత ఎదురైంది. ఆవిడ మాత్రం పక్కకు తీసుకెళ్ళి మొత్తం విన్నది. హెన్రీ పేరు, జైలు పేరు అడిగి రాసుకుంది. "ఈ మాట ఇందాక లోపల చెప్పవలసిందమ్మా" అంది. "సరే, నేను రాసి అడుగుతాను. రాసి అడిగితే వాళ్ళు జవాబివ్వక తప్పదు" అని మాటిచ్చింది.

ఆ వారం హెన్రీ ఫోను చేసి, కమిటీ ఏమందని అడిగాడు. మంచినీళ్ళు తాగినంత సులువుగా నిజం చెప్పే మనిషి ఎలీసబెతు. ఆ రోజు మాత్రం నోరు రాలేదు. "చెప్పిన రా. ఢిల్లీ పెద్దోళ్లకు చెప్పిన. వాళ్ళు చూస్కుంటరు" అంది. ఫోను పెట్టేశాక శాంతికుమార్ ఆవిడ ముఖం చూసి, టీ పెట్టుకొస్తానని లోపలికి పోయాడు.

మార్చిలో బడ్జెటు సమావేశాలు. ఎన్నడూ పార్లమెంటు చూడని మనిషి బడి కిటికీ దగ్గర ఫోనులో అదే చూస్తూ కూర్చునేది. ఒక సాయంత్రం గడువు ముగిసిందని చెప్పి, చర్చకు రాని శాఖల పద్దులన్నీ కట్ట కట్టి ఒక్క ఊపులో ఓటుకు పెట్టారు. విదేశాంగం ఆ కట్టలోనే ఉంది. కల్పలత లేచి చేయెత్తింది. కూర్చోమన్నారు. అవునన్నవాళ్ళు అవునన్నారు, బల్లలు చరిచారు, అయిపోయింది. కమిటీ ఊరూరా తిరిగి తిన్న బిర్యానీలన్నీ ఇంతకే వచ్చాయి.

"కిరాణా కొట్టు బిల్లు సుత ఒక్కపారి చదివి కడ్తం గదా" అంది ఎలీసబెతు, పక్క బల్ల మీది టీచరుతో. ఛీ అని ఫోను సొరుగులో పడేసింది.

తర్వాతి వారం కల్పలత ఫోను చేసింది. రాతలో అడిగిన ప్రశ్నకు రాతలోనే జవాబొచ్చిందట. ఆవిడ గొంతులోనే తెలిసిపోయింది అది ఎలాంటి జవాబో.

"మీ తమ్ముడి కేసులో అందవలసిన సాయమంతా అందిందని రాశారమ్మా. కుటుంబం స్వయంగా కమిటీ ముందు హాజరై సంతృప్తి తెలిపిందట. మా కమిటీ నోట్సునే సాక్ష్యంగా చూపించారు. మీ పేరు కూడా ఉంది. నేను ఇంక నోరెత్తడానికి లేకపోయింది."

"నేను సంతృప్తి అన్లేదమ్మా. వందనాలు చెప్పిన, అంతే."

"నాకు తెలుసమ్మా. ఒక్కటి మాత్రం జరుగుతుంది. నేను అడిగాను గనక, అడిగినట్టు చూపించుకోవడానికైనా ఎవరినో ఒకరిని జైలుకు పంపుతారు."

ఎలీసబెతు ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు పోవాలని ఏడ్చింది. ఇప్పుడు పోయేవాడు తన పేరున్న ఆ కాగితమే పట్టుకుని పోతాడని తెలిశాక, వాడు దారిలోనే ఆగిపోతే బాగుండుననిపించింది. తను చెప్పిన వందనాలనే తీసి తన తమ్ముడి మెడకు ఉరిగా తగిలించారు, ఇంత పాడు తెలివి వీళ్ళకు ఎక్కడిది? హెన్రీ ఈసారి ఫోను చేయగానే మొట్టమొదటి మాటగా, ఎవరొచ్చినా, ఏం చూపించినా సంతకం పెట్టవద్దని చెప్పాలి. ఆ వారమంతా ఫోను చేతిలోనే పెట్టుకు తిరిగింది. అన్నం తింటున్నా ఎడమచేతిలో ఫోనే. చర్చికి పోయి చివరి బెంచీలో కూర్చుంది గాని సాక్ష్యానికి లేవలేదు.

ఫోను బడిలో ఉండగా వచ్చింది. కిటికీ అవతల తల్లులు వరుసలో నిలబడి ఉన్నారు.

"అక్కా, ముందుగాల దేవునికి స్తోత్రం" అన్నాడు హెన్రీ. చాలా రోజుల తర్వాత వాడి గొంతు తేలికగా ఉంది. "పాస్టరయ్యగారికి వందనాలు చెప్పు. బావకు చెప్పు. మన చర్చిల నా కోసం ఉపాసం ఉన్నోళ్లందరికి..."

"వందనాలు తర్వాత చెప్పుదువు. నా మాట విను. ఎంబసీ నుంచి ఎవడన్నా వస్తే..."

"గదే చెప్తున్న అక్కా. వచ్చిండు. నిన్న వచ్చిండు, మంచిగ మాట్లాడిండు. కమిటీ కాగితం చూపిచ్చిండు. ఇంగ్లీషుల నీ పేరు నేనే చదివిన. మీ అక్కకు అంతా తెలుసు, ఆమె ఖుష్‌గ ఉన్నది, నువ్వొక్కడివే ఎందుకు సతాయిస్తున్నవన్నడు."

"హెన్రీ, నువ్వేం చేసినవ్ రా?"

"నువ్వు ముందుగాలనే చెప్పినవ్ గదా అక్కా, పెద్దోళ్లు చూస్కుంటరని. నీ పేరు చూసినంక ఇగ నాకేం ఫికర్? చదివి చెప్పమని సుత అడగలే, గా అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టిన."

ఎలీసబెతు ఏదో అనబోయింది. వాడికిచ్చిన టైము అయిపోయి ఫోను కట్టయింది. వాడు అక్కడి నుంచి చేయడమే గాని, ఇటు నుంచి జైలుకు చేయడానికి ఆవిడ దగ్గర నంబరు లేదు.